పేగు కోటు కుట్టినామె పేరేంటి?

రెయిన్‌కోటు వేసుకుంటే వాన ఆగుద్ది, లోపల చెమటకే తడిసిపోతాం. ఈ చిక్కుని అలాస్కా తీరంలో ఉనంగన్, యూపిక్ ఆదివాసీ ఆడవాళ్లు ఎప్పుడో విప్పారు. సీల్, సముద్ర సింహం పేగుల్ని గీకి కడిగి, గాలి ఊది ఆరబెట్టి, నిలువునా చీల్చి, జంతువుల నరాలే దారంగా కుట్టేవాళ్లు. కుట్టులో గడ్డిపోచ పెడితే తడికి ఉబ్బి సందు మూసుకునేది. నీళ్లు లోపలికి రావు, చెమట ఆవిరి బయటికి పోతది. వెచ్చదనానికి లోపల పక్షి తోలు కోటు. తోలు పడవలో వేటకెళ్లినోడి ప్రాణం ఆ కుట్టు మీదే!

1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ని సాగదీసి ఇదే గుణమున్న పొర తీశాడు. ఆయనకి పేటెంటు వచ్చింది. మేం చదివిన పాఠంలో మాత్రం ఆ జనం 'ఎస్కిమోలు', మంచు ఇళ్లు, అంతే. మ్యూజియాల్లో ఉన్న చాలా పేగు కోట్లకి కుట్టినామె పేరు లేదు.

మీ ఊళ్లో పెద్దోళ్లు వానకి ఏం కప్పుకునేవాళ్లో, ఎవరు అల్లేవాళ్లో అడిగి, పేర్లతో సహా కింద రాయండి.