నేల కింద పాదచారి: లండన్ భూగర్భ మార్గాల చరిత్ర – ఒక పరిశీలన

లండన్ నగరంలో పాదచారులు నడిచిన భూగర్భ మార్గాలను రెండు దశలుగా విభజించి, వాటి ప్రయోజనంలో వచ్చిన మార్పును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మొదటి దశ థేమ్స్ నదితో ముడిపడినది. వాపింగ్, రోథర్‌హైత్ ప్రాంతాలను కలిపే సొరంగాన్ని మార్క్ బ్రూనెల్ 1825లో ప్రారంభించాడు. ఆయన రూపొందించిన ఇనుప కవచం చాటున కూలీలు మట్టి తవ్వేవారు. 1828 జనవరిలో నదీజలం చొరబడి ఆరుగురు మరణించారు. 1843 మార్చి 25న సొరంగం ప్రజలకు తెరుచుకొంది. సరుకుల బండ్ల కోసం తలపెట్టిన మార్గమే అయినా, అవి దిగడానికి కావలసిన వాలుదారులకు ధనం చాలలేదు. ఫలితంగా అది ఒక పెన్నీ రుసుముతో నడిచే దారిగా మిగిలింది. 1865లో ఒక రైల్వే సంస్థ దానిని కొనుగోలు చేయగా, 1869 నుంచి రైళ్లు నడిచాయి. అంటే అక్కడ పాదచారికి చోటు దక్కడం యాదృచ్ఛికం.

గ్రీనిచ్ సొరంగం ఇందుకు భిన్నం. 1902లో లండన్ కౌంటీ కౌన్సిల్ దానిని పాదచారుల కోసమే నిర్మించింది. దాని పొడవు సుమారు 370 మీటర్లు, రుసుము లేదు. దక్షిణ తీరాన నివసిస్తూ ఆవలి రేవుల్లో పనిచేసే కార్మికులకు పడవ ఖర్చు, నిరీక్షణ తప్పాయి. 1912లో వూలిచ్ వద్ద మరొకటి వెలిసింది.

రెండవ దశ మోటారు వాహనాలది. 1963 నాటి బుకానన్ నివేదిక వాహనాలను, పాదచారులను వేర్వేరు అంతస్తుల్లో నడపడాన్ని చర్చించింది. ఆ దశాబ్దంలోనే ఎలిఫెంట్ అండ్ కాజిల్ కూడలిలో వాహనాలు నేలమీద నిలిచాయి, మనుషులు నేల కిందికి దిగారు. ప్రమాదాల నివారణ దీని వెనుక ఉన్న సహేతుకమైన ఉద్దేశం. అయితే మెట్లు దిగి ఎక్కే శ్రమ వృద్ధులకూ వికలాంగులకూ భారమైంది. నిర్మానుష్య వేళల్లో భయం తోడైంది. 2010వ దశకంలో ఆ సొరంగాలను తొలగించి, నేలమీదనే దాటే ఏర్పాటు చేశారు.

నది ప్రకృతి కల్పించిన అడ్డంకి. రద్దీ రహదారి నగరం తానే కల్పించుకొన్నది. మొదటిదాని కింద తవ్విన దారి కార్మికుణ్ణి ఆవలి తీరానికి చేర్చింది. రెండవదాని కింద తవ్విన దారి అతణ్ణి వీధి నుంచి తప్పించింది. తెలుగులో రెండింటినీ ‘భూగర్భ మార్గం’ అనే ఒకే మాటతో వ్యవహరిస్తున్నాం. మాట ఒకటైనంత మాత్రాన వాటి చరిత్ర ఒకటి కాదు. కనుక మన నగరాల్లో ఇటువంటి నిర్మాణాన్ని అంచనా వేసేటప్పుడు, అది ఎవరికి దారి ఇస్తున్నది, ఎవరిని దారి తప్పుకోమంటున్నది అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం సమంజసం.