చిరునామాలు పంచుకొను యంత్రములు

ఒక ఊరిలో ఒకే పేరుగలవారు ఇద్దరున్నచో, ఒకరి ఉత్తరము మరొకరికి చేరుట మనమెరిగినదే. రేడియో తరంగములపై మాటలాడుకొను కంప్యూటర్ల సంగతియు ఇట్టిదే. రెండింటికి ఒకే సంఖ్య చిరునామాగా ఉన్నచో, సందేశము దారి తప్పును.

1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రమ్సన్ బృందము తీగలు లేకుండ కంప్యూటరు సందేశములు పంపు 'అలోహానెట్'ను నడిపెను. అందు మధ్యనొక కేంద్రము ఉండెడిది. 1993లో వెలువడిన డి.హెచ్.సి.పి. అను నియమావళిలోగూడ చిరునామాలు పంచుటకు ఒక సర్వరు కలదు. కాని తుపానులో స్తంభములు కూలిన చోట, రక్షణసిబ్బంది చేతిలోని పరికరములే ఒక వలగా ఏర్పడవలసివచ్చినచో, పంచువారెవరు?

ప్రతి పరికరము తోచిన సంఖ్యను తీసికొని, "ఇది ఎవరిదైన ఉన్నదా?" అని అడుగుట ఒక మార్గము. సర్వరులేని స్థానిక వలలకై 2005 నాటి ఒక ఇంటర్నెట్ ప్రమాణము 65,024 చిరునామాలు ఉంచినది. ఇవి చాలునని తోచును. కాని సుమారు 300 పరికరములు తోచినట్లు ఎన్నుకొన్నచో, ఏవో రెండింటికి ఒకే సంఖ్య వచ్చు అవకాశము సగమునకు సగము! పైగా ప్రశ్న వినబడనంత దూరమున ఉన్నది జవాబు చెప్పజాలదు.

2002లోనే మన్సూర్ మొహ్సిన్, రవి ప్రకాశ్ అనువారు వేరొక మార్గము సూచించిరి. అది జీవకణ విభజనను పోలియున్నది. మొదటి పరికరమువద్ద సంఖ్యలన్నియు ఉండును. కొత్తది చేరగనే అది వానిలో సగము ఇచ్చివేయును. ఆ రెండవది మూడవదానికి తన భాగములో సగమిచ్చును. ఎవరి భాగము వారిదే గనుక, అందరిని అడుగనక్కరలేకయే సంఖ్యలు వేరువేరుగా ఉండును.

ఇచ్చట భేదమొకటి గమనింపవలెను. కణము విభజన చెందుటకు ముందు క్రోమోజోములకు నకళ్లు ఏర్పడును. పిల్లకణములు రెండింటికిని పూర్తి వంతు దక్కును. చిరునామాలకు నకలు పనికిరాదు. కావున ఒక పరికరము చెప్పకుండ వెడలిపోయినచో, దాని భాగము వృథాయగును. అందుచే పరికరములు తమ పట్టికలను అప్పుడప్పుడు పరస్పరము తెలుపుకొని, పోయినదాని భాగమును తోటిది తిరిగి గ్రహింపవలెను.

ఉపాధ్యాయులు 16 చీట్లతో దీనిని తరగతిలో చేసి చూపవచ్చును. ఒక విద్యార్థికి అన్నియు ఇచ్చి, ఒక్కొక్కరిని వలలో చేర్చుడు. ఒక్క చీటియే మిగిలినవాడు, ఎక్కువ ఉన్నవానిచే కొత్తవానికి ఇప్పింపవలెను. నడుమ ఒకనిని చెప్పకుండ బయటికి పంపుడు. అతని చీట్లు ఎవరికి చేరవలెనో విద్యార్థులే తేల్చుకొందురు.