లోపలి నుంచి జైలు తెలిసిన మంత్రి

లండన్, 1910 ఫిబ్రవరి. డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో వెనక వరసలో కూర్చున్నారు మీరు. స్టేజీ మీద మాటల్లేవు. చెక్కు మీద తొమ్మిదిని తొంభైగా దిద్దిన గుమస్తా కుర్రాడు ఒంటరి సెల్‌లో ఉన్నాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాడు, ఆగుతాడు, చెవి ఒగ్గి వింటాడు. ఎక్కడో ఎవరో తలుపు బాదుతున్నారు. ఆ చప్పుడు ఒక్కో సెల్ దాటుకుంటూ దగ్గరికొస్తోంది. చివరికి వీడు కూడా తన తలుపు మీద పడి పిడికిళ్లతో బాదుతాడు. తెర పడుతుంది. గాల్స్‌వర్దీ రాసిన 'జస్టిస్' నాటకం అది.

ముందు వరసల వైపు చూడండి. పలచబడుతున్న ఎర్రజుట్టుతో కనిపిస్తున్నాయన ఈ నెలలోనే హోంమంత్రి అయిన విన్‌స్టన్ చర్చిల్. వయసు 35. పక్కనున్నది జైళ్ల కమిషన్ అధిపతి రగుల్స్-బ్రైస్. తన శాఖ గుట్టు స్టేజీ మీద రట్టవుతుంటే ఆ పెద్దాయన కదలకుండా కూర్చుని చూడాలి. వెంటబెట్టుకొచ్చింది మంత్రే మరి!

మూసిన తలుపంటే ఏమిటో ఈ మంత్రికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1899 నవంబరులో దక్షిణాఫ్రికా యుద్ధంలో బోయర్లు ఈయనను పట్టుకుని ప్రిటోరియాలో ఒక బడిలో బంధించారు. ఉన్నది నెల లోపే. డిసెంబరు 12 రాత్రి గోడ దూకి పారిపోయాడు. ఆ కాస్త కాలాన్నే జీవితమంతా అసహ్యించుకున్నాడు. అప్పట్లో ఇంగ్లండులో కఠిన శిక్ష పడ్డవాడు మొదట తొమ్మిది నెలలదాకా ఒంటరిగా గడపాల్సి వచ్చేది. చర్చిల్ దాన్ని చాలామందికి నెలకు కుదించాడు. జైళ్లలో ఉపన్యాసాలు, సంగీతం పెట్టించాడు. పుస్తకాల సంగతి ప్రత్యేకంగా పట్టించుకున్నాడు.

ఇప్పుడు డార్ట్‌మూర్ పదండి. అదే ఏడాది, ఇంగ్లండు నైరుతి మూల, చెట్టూ చేమా లేని బీడు మధ్య నల్లరాతి జైలు. ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ కూడా వచ్చాడు. ఇద్దరు మంత్రులూ ఒక ముసలి ఖైదీ ముందు ఆగారు. జైలు గొర్రెలు కాసేది ఆయనే. ఒక్కో గొర్రెను పేరుపెట్టి పిలుస్తాడట. నేరమేమిటి? చర్చి హుండీలో రెండు షిల్లింగులు తీశాడు. శిక్ష? మూడేళ్ల కఠిన శిక్ష, దానిపైన పదేళ్ల నిర్బంధం. వెరసి పదమూడేళ్లు. పాత దొంగ కదా అని కోర్టు వడ్డించిన వడ్డీ ఆ పదేళ్లు. లాయిడ్ జార్జ్ ఎన్నికల సభల్లో ఈ కథ చెప్పి జనాన్ని కదిలించాడు. చర్చిల్ విడుదల చేయించి ఒక రైతు దగ్గర పని కూడా చూపించాడు. కాపరి రెండు మూడు రోజుల్లోనే ఉడాయించాడు! ప్రతిపక్షానికి పండగే పండగ. నాకైతే ఆ ముసలాయన చేసిన దానిలో వింతేమీ కనిపించదు. మంత్రులకు ఆయనొక ఉదాహరణ. ఆయనకు మాత్రం అది తన బతుకు.

పెంటన్‌విల్ జైల్లో చర్చిల్ కుర్రాళ్లను విడివిడిగా పిలిచి, ఎందుకొచ్చావని అడిగి, చిల్లర తప్పులవాళ్లను కొందరిని వదిలిపెట్టించాడు. ఐదు పెన్నీల చేపముక్క దొంగిలించిన పన్నెండేళ్ల పిల్లాడికి ఏడేళ్ల సంస్కరణాలయం వేస్తే, అధికారులు వద్దంటున్నా ఆ శిక్షను కొట్టేశాడు. ఆయనను నిజంగా తొలిచిన ప్రశ్న ఒకటుంది: ఏటా 90 వేలకు పైగా జనం జైలుకొస్తున్నది జరిమానా కట్టలేకే కదా? డబ్బున్నవాడు అదే తప్పు చేసి ఇంటికి పోతాడు. కట్టడానికి కాస్త గడువిస్తే సగం జైళ్లు ఖాళీ!

ఇక వైట్‌హాల్, హోంశాఖ కార్యాలయం. సాయంత్రం దీపాల వెలుగులో బల్ల మీదికి మరణశిక్ష ఫైలు వచ్చింది. క్షమించాలా, వద్దా అన్నది ఈ ఒక్క మనిషే తేల్చాలి. ఇలాంటివి ఆయన ముందుకు 43 వచ్చాయి. 21 మందిని ఉరి తప్పించాడు. మిగతావాళ్లను ఉరికి పంపేశాడు.

బయటికి వస్తే వీధి వేరే కథ చెబుతుంది. 1910 నవంబరు 18న పార్లమెంటు దగ్గర ఓటుహక్కు అడుగుతున్న స్త్రీలను పోలీసులు గంటల తరబడి ఈడ్చి కొట్టారు. విచారణ జరిపించమంటే మంత్రి ఒప్పుకోలేదు. అంతకు కొన్ని నెలల ముందే జైల్లో ఉన్న ఈ ఉద్యమ స్త్రీలకు సొంత బట్టలు వేసుకునే వీలు కల్పించిందీ ఆయనే. ఆ డిసెంబరులోనే ప్రధానికి రాసిన ఉత్తరంలో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టకుండా చేయాలని వాదించాడు. ఈయనను ఒకే గాటన కట్టడం కష్టం. మనకు తెలిసిన చర్చిల్ ప్రధానిగా ఉన్న 1942 నాటివాడు. ఆయన ప్రభుత్వం ఆమోదంతోనే కాంగ్రెస్ నాయకుడు పట్టాభి సీతారామయ్య నెహ్రూ, పటేళ్లతోపాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు మగ్గారు. కోర్టు లేదు, శిక్షాకాలం ఎంతో చెప్పినవాడూ లేడు.

1911 అక్టోబరులో చర్చిల్ నౌకాదళ శాఖకు మారాడు. అప్పటిదాకా ఆ శాఖ చూసిన మెక్కెన్నా అక్కణ్ణుంచి హోంశాఖకు వచ్చాడు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారంతే. జరిమానాకు గడువిచ్చే చట్టం 1914లో వచ్చింది. 1918-19 నాటికి ఆ కారణంతో జైలుకెళ్లినవాళ్లు ఐదు వేల చిల్లరకు దిగారు. బిల్లు మెక్కెన్నా హయాంలో నెగ్గింది. అప్పటికి చర్చిల్ యుద్ధనౌకల లెక్కల్లో మునిగి ఉన్నాడు.