తేలిక బండి కథ

తిరుపతి నుండి తిరుమలకు మోటారు మార్గము 1944లో ఏర్పడినది. అంతకు పూర్వము యాత్రికులు కాలినడకననో, డోలీలలోనో కొండ యెక్కుచుండిరి. బరువనగా నేమో డోలీ మోయువారికి ఒకరు బోధింప నక్కరలేదు. మోటారు వచ్చిన పిదప ఆ భారము మనుష్యుల భుజముల నుండి యంత్రము మీదికి మారినదే కాని మాయము కాలేదు. 100 కిలోల బరువును 100 మీటర్ల యెత్తునకు చేర్చుటకు సుమారు 98,000 జౌలుల శక్తి కావలెను. ఎంతటి యంత్రమైనను ఈ లెక్కను తప్పించుకొనజాలదు. కావున బండి చురుకుగా సాగవలె నన్నచో యంత్రబలమును పెంచవలెను, లేదా బండి బరువును తగ్గింపవలెను. ఇటలీ దేశపు పనివారు ఈ రెండవ త్రోవను చిరకాలముగా సాధన చేసిరి.

మిలాను నగరమున 1926లో స్థాపితమైన టూరింగు అను సంస్థ కార్లకు పైతొడుగులు నిర్మించుచుండెను. 1930వ దశకమున ఆ సంస్థ ఒక క్రొత్త పద్ధతిని కనిపెట్టినది. సన్నని ఉక్కుగొట్టములతో పంజరము కట్టి, దానిపై పలుచని అల్యూమినియము రేకును తొడుగుటయే ఆ పద్ధతి. మన తేరుల పైభాగమున కర్రలు కట్టి బట్ట చుట్టుట చూచినవారికి ఇందలి కిటుకు సులభముగా బోధపడును. దీనికి వారు పెట్టిన పేరు సూపర్‌లెజ్జేరా, అనగా మిక్కిలి తేలికైనది. ట్రాక్టర్లు చేయు ఫెర్రూచ్చో లంబోర్గీనీ 1963లో కార్ల సంస్థను నెలకొల్పగా, మరుసటి యేట వెలువడిన ఆయన తొలి కారునకు టూరింగు వారే ఈ పద్ధతిని తొడుగు సమకూర్చిరి.

2010లో ఆ లంబోర్గీనీ సంస్థయే గల్లార్దో అను కారును సూపర్‌లెజ్జేరా పేరుతో తేలికపరచి వెలువరించినది. దాని యంత్రబలము 570 అశ్వశక్తులు. బరువు 1,340 కిలోలు. ఆ యేడే పారిస్ ప్రదర్శనమున సెస్టో ఎలిమెంటో అను మరియొక కారును చూపినది. యంత్రబలము మరల 570 అశ్వశక్తులే; కాని సంస్థ ప్రకటించిన బరువు 999 కిలోలు మాత్రమే. ఒక్కొక్క అశ్వశక్తి మోయవలసిన భారము 2.35 కిలోల నుండి 1.75 కిలోలకు దిగినది. గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు దానికి 2.5 సెకండ్లు చాలునని నిర్మాతలు చెప్పిరి.

సెస్టో ఎలిమెంటో అనగా ఆరవ మూలకము; అదియే కర్బనము. వంటింటి బొగ్గునందున్న పదార్థమే సన్నని పోగులుగా మారి, జిగురుతో కలిసి గట్టిపడి, ఈ కారునకు దేహమైనది. పోగులను వస్త్రమువలె నేసి పొరలు పొరలుగా పేర్చుటకు చాల కాలము పట్టును. అందుచేత చిన్న ముక్కలుగా కత్తిరించిన పోగులను జిగురుతో కలిపి అచ్చులోనుంచి వేడిమితో నొత్తు పద్ధతిని ఇందు వాడిరి.

ఇట్టి కార్లను ఇరువదింటిని మాత్రమే చేయ నిశ్చయించిరి. అవి పందెపు బాటలకే గాని ప్రజల రోడ్డునకు తగినవి కావు. మరి యీ శ్రమ యెవరి కొరకు? ఈ ప్రశ్నకు సమాధానము మన చెంతనే కొంత దొరకును. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుండి యెగయు రాకెట్లలో కర్బనపు పోగుల భాగములున్నవి. అచ్చట తగ్గించిన ప్రతి కిలో ఉపగ్రహమునకు లాభము. అదే యేట తిరుమల ఘాటురోడ్డుపై విద్యుత్తు బస్సులు నడువ నారంభించినవి. అట్టి బస్సు యాత్రికులతోపాటు తన బరువైన బ్యాటరీని కూడ కొండపైకి మోయవలెను. తేలికదనము అవసరమైన చోటు అదియే.

అయితే కర్బనపు పోగు ఖరీదైనది. పాతబడిన యినుమువలె కరగించి మరల పోతపోయుటకు వీలుపడదు. ఈ చిక్కులు తీరినగాని అది సామాన్యుని బండికి రాదు. ఇరువది కార్లకై నేర్చిన అచ్చుపని వేల బస్సులకు అక్కరకు వచ్చిననాడు ఆ శ్రమ సార్థకమగును.