పాత బీరువాలూ చారిత్రక ఆధారాలే

సిద్దిపేట: పూర్వపు మెదక్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినది. దుద్దెడ వద్ద సమీకృత కలెక్టరేట్ భవనము 2021 జూన్ 20న ప్రారంభమైనది. కార్యాలయాలు తరలునప్పుడు పాత బీరువాలు, బల్లలు, దస్త్రాల పెట్టెలు తుక్కు క్రింద పోవు ప్రమాదము కలదు.

అట్టి సామగ్రి విలువకు హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నిదర్శనము. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ (పాలన 1869-1911) దుస్తుల బీరువాలు అచ్చట భవనపు ఒక పార్శ్వమంతటా రెండు అంతస్తులుగా నిలిచి ఉన్నవి. పై అరలకు చేరుటకు చేతితో త్రిప్పెడి చెక్క లిఫ్టు కలదు. అమర్చిన చోటనే ఉన్నందున అవి నాటి భద్రపరచు విధానమును పూర్తిగా తెలుపుచున్నవి.

కావున పాత సామగ్రిని వేలమునకు ముందే అది వాడిన శాఖ, కాలము, స్థలములతో నమోదు చేయుట అవసరము. ఆ వివరములు లేని బీరువా మ్యూజియం చేరినను వట్టి కలపగానే మిగులును.