తుమ్మలపల్లె యురేనియం: అణువిద్యుత్ విస్తరణలో కరువు సీమ

తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు కడప జిల్లా వేముల మండలంలో, పులివెందులకు దగ్గరలో ఉంది. యూసీఐఎల్ అని అందరూ పిలిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ దీన్ని నడుపుతోంది. ఝార్ఖండ్ వెలుపల దేశంలో తెరిచిన మొదటి యురేనియం గని ఇదే. ఇక్కడి నుంచి పడమటికి వెళితే అనంతపురం పీఠభూమి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే వేరుశనగ నేల. దేశ అణువిద్యుత్ విస్తరణకు కావలసిన ఇంధనం నీటికి మొహం వాచిన ఈ సీమలో దొరికింది. అందుకే ఈ గని చరిత్రను నీటి ఊసు లేకుండా రాయడం కుదరదు.

వ్యూహం

1954 నవంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో హోమీ భాభా మూడు దశల అణువిద్యుత్ ప్రణాళికను వివరించారు. దేశంలో యురేనియం తక్కువ, తీరపు ఇసుకలో థోరియం ఎక్కువ. కాబట్టి మొదట సహజ యురేనియం, భారజలంతో నడిచే రియాక్టర్లు కట్టాలి. వాటిలో వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసి రెండో దశలో బ్రీడర్ రియాక్టర్లు నడపాలి. ఆ తర్వాతే థోరియం వంతు. మూడో దశ ఎంత గొప్పదైనా, మొదటి దశకు చాలినంత యురేనియం లేకపోతే అక్కడికి చేరే దారే లేదు.

ఈ ప్రణాళికలో తెలుగు నేల పాత్ర పెద్దది. ఖనిజాన్వేషణ జరిపే అణుఖనిజ సంచాలకత్వం ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఇంధన కడ్డీలు తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో అక్కడే ఏర్పడింది. గోదావరి ఒడ్డున మణుగూరులో భారజల కర్మాగారం వచ్చింది. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత విదేశాల సాయం చాలావరకు ఆగిపోవడంతో దేశం సొంత ఖనిజం మీదే బతకవలసి వచ్చింది. అప్పటికి గనులన్నీ నేటి ఝార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ ప్రాంతంలోనే ఉండేవి.

రాయి

కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే ప్రాచీన శిలా ప్రాంతంలో రాతి పొరలకు మన ఊళ్ల, నదుల పేర్లే ఉన్నాయి: గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట. వీటిలో పాపఘ్ని వర్గానికి చెందిన వేంపల్లె డోలమైటు సున్నపురాయిలో యురేనియం ఉందని 1980ల దశాబ్దంలో అన్వేషకులు గుర్తించారు. వాయవ్యాన రెడ్డిపల్లె నుంచి ఆగ్నేయాన మద్దిమడుగు దాకా, సుమారు 160 కిలోమీటర్ల పొడవునా అక్కడక్కడా ఖనిజం కనబడింది.

కనబడగానే గని తెరవలేదు. ఖనిజంలో యురేనియం శాతం చాలా తక్కువ, వెయ్యి కిలోల రాయికి అర కిలో కూడా రాదు. దానికి తోడు రాయి సున్నపుజాతిది. సింగ్‌భూమ్‌లోని జాదుగూడలో లాగా ఆమ్లం పోస్తే యురేనియం కరిగేలోపు ఆమ్లాన్నంతా రాయే తాగేస్తుంది. అందుకే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో అధిక వేడి, పీడనాల కింద కరిగించే క్షార పద్ధతిని రూపొందించారు. ఇది గిట్టుబాటు అవుతుందో లేదో తేలేసరికి ఏళ్లు గడిచాయి. ఈ పద్ధతిని కర్మాగారం స్థాయికి తేవడం భారతీయ ఇంజనీర్లు సాధించిన నిజమైన ఘనత, దాన్ని తక్కువ చేయకూడదు.

గని

2006 నాటికి యురేనియం కొరత ముదిరింది. ఇంధనం చాలక దేశీయ రియాక్టర్లు పూర్తి సామర్థ్యంతో నడవలేకపోయాయి. ఆ ఏడాది సెప్టెంబరులో తుమ్మలపల్లె ప్రాజెక్టుపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం రూ. 1,106 కోట్లు, శుద్ధి సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం. కర్మాగారం 2012లో పని మొదలుపెట్టింది. ఇక్కడ తయారైన సోడియం డైయురనేట్ హైదరాబాదు వెళ్లి ఇంధనంగా మారుతుంది.

2011 జులైలో అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ తుమ్మలపల్లె ప్రాంతంలో 49,000 టన్నుల నిల్వలు ఖాయమయ్యాయని, అవి లక్షా 50 వేల టన్నులకు చేరవచ్చని ప్రకటించారు. పత్రికలు ప్రపంచంలోనే అతిపెద్ద నిల్వల్లో ఒకటని రాశాయి. నిల్వ పెద్దదే, కానీ అందులోని రాయి పేదది. దిగువ శ్రేణి ఖనిజమంటే కొద్దిపాటి యురేనియానికి కొండంత వ్యర్థం. ఆ నాటి సంబరంలో ఈ సంగతి పెద్దగా వినబడలేదు.

నీరు

శుద్ధి తర్వాత మిగిలిన బురదను గొట్టాల ద్వారా కె.కె. కొట్టాల సమీపంలోని టెయిలింగ్ పాండ్‌కు పంపుతారు. ఉత్పత్తి మొదలైన కొన్నేళ్లకే చుట్టుపక్కల రైతుల ఫిర్యాదులు మొదలయ్యాయి. బోర్ల నీళ్లు చెడిపోయాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ, చర్మవ్యాధులు వస్తున్నాయనీ వాళ్లు చెప్పారు. పాండ్ అడుగున వేసిన పొర ఊటను ఆపుతుందా అన్నది వివాదానికి కేంద్రమైంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది, 2019లో నిపుణుల కమిటీ పరిశీలన జరిపింది. కాలుష్యం తమవల్ల కాదనీ, ఇక్కడి రాళ్లలోనే సహజంగా యురేనియం ఉందనీ యూసీఐఎల్ వాదించింది.

ఆ వాదనలో కొంత నిజం ఉంది. యురేనియం ఉన్న రాతిలో ఊరే నీటిలో యురేనియం ఉండటం వింత కాదు. అలాంటప్పుడు గని తెరవకముందు ఏ బోరులో ఎంత ఉండేదో ఊరివాళ్ల చేతిలో రాతపూర్వకంగా ఉండాల్సింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60. రెండింటిలో ఏది పాటించినా నష్టభయం ముందు రైతుదే. పది బోర్లు వేస్తే ఒకటి పడే నేలలో ఆ ఒక్క బోరు చెడితే అతనికి మరో ఆధారం ఉండదు.

విస్తరణ, ప్రతిఘటన

2008 సెప్టెంబరులో అణు సరఫరా దేశాల బృందం ఆంక్షలు సడలించాక కజకిస్తాన్, రష్యా, కెనడాల నుంచి యురేనియం వచ్చింది. అయితే అది అంతర్జాతీయ తనిఖీ ఉన్న రియాక్టర్లకే పరిమితం. మిగిలినవాటికి దేశీయ ఖనిజమే దిక్కు, కాబట్టి తుమ్మలపల్లె అవసరం తగ్గలేదు. శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల ప్రతిపాదన మాత్రం ప్రమాద బాధ్యత ఎవరిదన్న చిక్కుతోనూ, 2017లో ఆ కంపెనీ దివాలాతోనూ ఏళ్ల తరబడి నిలిచిపోయింది.

కొత్త గనులకు ప్రజలు ఒప్పుకోలేదు. నల్గొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు ప్రతిపాదన తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొంది. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో అన్వేషణ బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి, రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

2025 ఫిబ్రవరి బడ్జెట్టులో కేంద్రం 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యం పెట్టుకుంది. అప్పటి సామర్థ్యం తొమ్మిది గిగావాట్లలోపే. చిన్న రియాక్టర్లకు రూ. 20,000 కోట్లు కేటాయించింది. వేరే దారీ ఉంది: అనంతపురం పీఠభూమిలోనే కదిరికి సమీపాన ఎన్.పి. కుంట సౌర పార్కులో 2016లోనే ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం నడపడం మొదలుపెట్టింది. రాత్రిపూట కరెంటుకు అణువిద్యుత్తు అవసరం ఉందన్న వాదనను కాదనలేం. కానీ తొమ్మిదిని వందకు పెంచే ముందు, గని చుట్టుపక్కల ఊళ్లైన కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె బోర్ల నీటి పరీక్షల ఫలితాలను స్వతంత్ర సంస్థతో తేల్చి, ఏటా తెలుగులో ఆయా గ్రామ సచివాలయాల్లో ప్రకటించాలి. కొత్త గనికి అనుమతి అడిగే హక్కు ఆ తర్వాతే.