హస్తవాసి, ప్రకటన, పట్టా: మద్రాసు రాజధానిలో దేశీయ వైద్యుని ఎంపిక

1914 నాటి మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టంతో ప్రభుత్వ దృష్టిలో వైద్యులు రెండు తెగలైనారు. పాశ్చాత్య వైద్యం చదివి రిజిస్టరులో పేరెక్కినవారు ఒక తెగ. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులు మరొక తెగ. రెండవ తెగవారి వృత్తిని చట్టం నిషేధించలేదు. చట్టరీత్యా అవసరమైన ధ్రువపత్రాలిచ్చే అర్హతను మాత్రం వారికి లేకుండా చేసింది. దీనిని వైద్యుల గౌరవానికి సంబంధించిన వివాదంగా చూడడం పరిపాటి. రోగి వైపు నుండి చూస్తే ప్రశ్న వేరు: రిజిస్టరుకు వెలుపల ఉన్నవారిలో ఎవరిని నమ్మాలి?

ఇందుకు తెలుగు పల్లెల పాత సమాధానం ‘హస్తవాసి’. మందుకంటె దానినిచ్చే చేతికే గుణం ఆపాదించే ఈ భావనను మూఢవిశ్వాసమని తోసివేయడం తేలిక. కాని ఒక వైద్యుని వల్ల ఎవరెవరు కోలుకున్నారో ఇరుగుపొరుగు గుర్తుంచుకొన్న లెక్క దాని వెనుక ఉంది. ఊరు దాటినవానికి ఆ లెక్క అందదు. శాస్త్రగ్రంథాలకూ ఈ చిక్కు తెలుసు. చరకసంహిత వైద్యునికి శాస్త్రజ్ఞానం, విస్తారమైన అనుభవం, నేర్పు, శుచిత్వం అనే నాలుగు గుణాలు విధించింది. ఎవరికో జబ్బు చేసిందని వినగానే వచ్చి వాలి, తమ గొప్పలు చెప్పుకొనే వైద్యవేషధారులను గూర్చి హెచ్చరించింది. సుశ్రుతసంహిత రాజానుజ్ఞ పొందిన తరువాతనే వృత్తిలో ప్రవేశించాలన్నది. కనుక అనుమతి అనే ఊహే పరాయిదన్న వాదం నిలవదు.

అచ్చు ఈ స్థితిని మార్చింది. మద్రాసులో కేసరి కుటీరం నెలకొల్పిన కె.ఎన్. కేసరి స్త్రీల వ్యాధులకు ‘లోధ్ర’ తయారుచేశారు. 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు. పత్రిక చదివే గృహిణికి వైద్యునికి నాడి చూపకుండానే సీసా కొనుక్కొనే వీలు కలిగింది. పరపురుషునితో చెప్పుకోలేని బాధలున్న స్త్రీకి అది చిన్న సౌకర్యం కాదు. అయితే ఇక్కడ ఎంపిక వైద్యుని నుండి మందుకు జారింది. హస్తవాసికి సాక్ష్యమిచ్చిన ఇరుగుపొరుగు స్థానంలో ప్రకటన నిలిచింది.

1921లో ప్రభుత్వం ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన నియమించిన సంఘం 1923లో నివేదిక సమర్పించింది. 1925లో మద్రాసులో ప్రభుత్వ భారతీయ వైద్య పాఠశాల వెలసింది. అక్కడ దేశీయ వైద్యంతోపాటు పాశ్చాత్య శాస్త్రాంశాలూ బోధించి ఎల్.ఐ.ఎం. పట్టా ఇచ్చారు. పేరు చివరి ఈ మూడక్షరాలు రోగికి అందిన కొత్త గుర్తు. చరకుడు చెప్పిన నాలుగింటిలో అవి ప్రధానంగా మొదటిదానికే హామీ. అనుభవాన్నీ, నేర్పునూ, శుచిత్వాన్నీ రోగి మునుపటివలె విచారించుకోవలసిందే. పాశ్చాత్య వైద్యంలో ఎం.బి.సి.ఎం. పట్టా పొంది, తరువాత దీవి గోపాలాచార్యుల వద్ద ఆయుర్వేదం అభ్యసించిన ఆచంట లక్ష్మీపతి వంటివారి విషయంలో ఈ విచారణ కొంత సులువై ఉండవచ్చు. అటువంటివారు అరుదు. తక్కినచోట్ల కొత్త పట్టాదారును గూర్చి కూడ ఊరు అడిగిన ప్రశ్న పాతదే: ఆయన చేయి ఎటువంటిది?